మనిషికి జలగ అన్న పేరు ఎలా వచ్చింది

అనగా అనగా, నీళ్ళు ఎక్కడ ఆగుతాయో నేల ఎక్కడ మొదలవుతుందో ఎవరూ తేల్చి చెప్పలేని రోజుల్లో, నల్లమడ అని ఒక పెద్ద బురదమడుగు ఉండేది. దాని చుట్టూ కడియంలా తుంగలవరం అనే ఊరు ఉండేది.

నల్లమడ నిండా తుంగే. మనిషి ఎత్తున పెరిగేది. దాన్ని కోసి, చీల్చి, ఎండబెట్టి, చాపలు నేయడమే ఆ ఊరివాళ్ళ బతుకు. తుంగలవరం చాప మీద పడుకుంటే నడివేసవిలోనూ వీపు చల్లగా ఉంటుందని రాజుగారి పట్నంలో గొప్పగా చెప్పుకునేవారు.

ఆ మడుగు మీద తెల్లవారేసరికి పొగమంచు దిగేది. జాము పొద్దెక్కినా కదిలేది కాదు. మంచు నట్టనడుమ ఒక మట్టిదిబ్బ ఉండేది. దాన్ని మూగదిబ్బ అనేవారు. దాని మీద కొంగ వాలదు. దాని పక్కన కప్ప అరవదు. దారి తప్పి అటు పోయినవాళ్ళకి ఎవరివో గుసగుసలు చెవిలో వినిపిస్తాయట. చచ్చిపోయినవాళ్ళు అక్కడ కూర్చుని ముచ్చట్లాడుకుంటారని పెద్దవాళ్ళు చెప్పేవారు. అందుకని దోనెలు దాన్ని తప్పించుకుని చుట్టూ తిరిగి పోయేవి.

ఒక ఏడు వానలు వెనకబట్టాక గొంకయ్య అనేవాడు ఆ ఊరికి వచ్చాడు. వాడు ఒకప్పుడు రాజుగారి సుంకం చావడిలో కొలువు చేసినవాడు. బాటసారుల్ని బెదిరించి మూటలు లాక్కుంటున్నాడని తెలిసి రాజుగారు వెళ్ళగొట్టారు. వచ్చేటప్పటికి వాడి డొక్కలు లెక్కపెట్టేలా ఉన్నాయి. ఊళ్ళో ఒక రోజు కనిపించాడు. తరవాత పది రోజులు ఎటు పోయాడో ఎవరికీ తెలియదు.

పదకొండో రోజున మంచు విడిపోతూ ఉండగా గొంకయ్య వచ్చి, చాపలు నేసే కొమ్మయ్య ఇంటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పాదాలు తడిగా ఉన్నాయి.

"కొమ్మయ్యా! కరువేడు ఊరి గాదెలో గింజలు తగ్గాయట కదా. ఎలకలు తిన్నాయని అందరూ అనుకున్నారట."

కొమ్మయ్య చేతిలో తుంగపుల్ల ఆగిపోయింది.

"ఆ ఎలక్కి రెండు కాళ్ళేనని నాకు తెలుసు. చెప్పనా?"

గొంతు పెంచలేదు. కళ్ళెర్రజేయలేదు. పసివాణ్ణి జోకొట్టినంత మెత్తగా అడిగాడు.

కరువేడు ఇద్దరు పిల్లలు ఆకలికి సొమ్మసిల్లితే కొమ్మయ్య గాదెలోంచి రెండు కుంచాల గింజలు తీసుకున్నాడు. ఆ సంగతి పెళ్ళానికి తప్ప ఎవరికీ చెప్పలేదు. అదీ ఈమధ్యే ఒక వేకువజామున పెరట్లో, చెవిలో చెప్పినట్టు చెప్పాడు.

"వద్దు బాబూ! నీకేం కావాలో చెప్పు," అన్నాడు కొమ్మయ్య.

"నాకేం కావాలి? ఒక్క చాప. నేల చెమ్మగా ఉంది, వీపు లాగుతోంది."

ఒక్క చాపే కదా అనుకున్నాడు కొమ్మయ్య. ఇచ్చేశాడు. ఇచ్చాక ప్రాణం తేలికపడింది కూడా.

రెండోరోజు గొంకయ్య కుమ్మరి బసవమ్మ సారె దగ్గరికి వెళ్ళాడు. బసవమ్మ పేరున్న మనిషి. ఊరి జాతరకు అమ్మవారి కుండ ఆమే చేయాలి. తొమ్మిది రోజులు ఉపవాసం ఉండి, ఎవరి నీడా పడకుండా చేయాలి.

"పోయినేడు జాతర కుండ పగిలిపోతే, అమ్మకానికి పెట్టిన కుండకి పసుపు రాసి ఇచ్చావట. ఊరంతా దానికే మొక్కారట. చెప్పనా తల్లీ?"

రోజూ వేకువన సారె తిప్పుతూ అమ్మవారికి తప్ప ఆమె ఎవరికీ చెప్పుకోని మాట అది. బసవమ్మ మొహం పచ్చిమట్టి రంగుకు తిరిగింది. ఆమె దగ్గర ఒక్క కుండెడు బియ్యం తీసుకున్నాడు. తీసుకుంటూ దణ్ణం కూడా పెట్టాడు.

మూడోరోజు కామసాని ఇంటికి వెళ్ళాడు.

చాపలు నేయడంలో ఆ ఊళ్ళో కామసానిని మించినవాళ్ళు లేరు. వయసు ముప్పై దాటలేదు. మొగుడు మాచన లేడు. ముసలి అత్త ఎల్లసాని, ఆమె, ఇద్దరే ఆ ఇంట్లో.

మాచన మూడేళ్ళ కింద రాజుగారి దండుతో యుద్ధానికి వెళ్ళాడు. ఆ దండులో ఒక్కడూ మిగల్లేదని కబురు వచ్చింది. రణంలో ప్రాణం విడిచినవాడి ఇంటికి రాజులు పొలం ఇచ్చేవారు. దాన్ని నెత్తురు మాన్యం అనేవారు. కామసానికీ అలా రెండు మడికట్లు వచ్చాయి. ఊరి మొదట్లో మాచన పేరున వీరగల్లు నిలబెట్టారు. రాతి మీద చేతిలో కత్తితో వీరుడి బొమ్మ చెక్కించారు. ఎల్లసానికి చూపు మందగించింది. రోజూ పొద్దున్నే వెళ్ళి, ఆ రాతి కత్తిని వేళ్ళతో తడిమి, పసుపు రాసి వచ్చేది. "నా కొడుకు వెన్ను చూపలేదు," అని కనిపించినవాళ్ళందరికీ చెప్పేది.

ఆ రాయి నిలబెట్టిన నెలకి, ఒక మునిమాపు వేళ, తుంగలోంచి మాచన వచ్చాడు.

యుద్ధం చూసి భయపడి పారిపోయి వచ్చాడు. ఒళ్ళంతా జ్వరం. కామసాని అతన్ని తుంగ మధ్య గుడిసెలో దాచింది. తొమ్మిదో రోజున పోయాడు. ఆమె ఒక్కతే గొయ్యి తవ్వి పూడ్చింది. ఎవరికీ చెప్పలేదు. ఎవరికి చెబుతుంది? కానీ రోజూ వేకువన మగ్గం ముందు కూర్చున్నప్పుడు, పోయిన మొగుడితో నెమ్మదిగా మాట్లాడుకునేది. "నిన్నలా దాచి తప్పు చేశానా, మాచనా?" అని అడిగేది.

గొంకయ్య గుమ్మంలో నిలబడి లోపలికి తొంగిచూశాడు.

"నీ మొగుడు రెండుసార్లు చచ్చాడట కదమ్మా."

అత్త వింటోందేమోనని కామసాని అరుగువైపు చూసింది.

"ఒక చావుకి రాయి నిలబెట్టారు. రెండో చావుకి గొయ్యి నువ్వే తవ్వావు. మీ అత్తకి చెప్పనా? రాజుగారికి చెప్పనా?"

"అత్తకి చెప్పొద్దు," అంది కామసాని. రాజుగారి మాట ఆమెకు అప్పుడు తోచనే లేదు.

ఒక చాప తీసుకుని వెళ్ళాడు.

అలా మొదలైంది. ఒక్క చాప అన్నవాడు వారానికి రెండడిగాడు. కుండెడు బియ్యం అన్నవాడు బస్తా అడిగాడు. కొమ్మయ్య ఆవు పోయింది, తరవాత దాని దూడ పోయింది. బసవమ్మ ఇంటి ముందు గది తనకు కావాలన్నాడు. ఆమె వెనక పాకలోకి మారింది. ఊళ్ళో ఇంకా ఎన్ని ఇళ్ళలోకి వాడి తడి పాదాలు వెళ్ళాయో ఎవరికీ తెలియదు. ఎవరి సంగతి వాళ్ళకే తెలుసు. వాడు వెళ్ళాక గుమ్మంలో తడి అడుగులు మధ్యాహ్నందాకా ఆరేవి కావు. పెళ్ళాం చూడకముందే మొగుడు తుడిచేవాడు. మొగుడు చూడకముందే పెళ్ళాం తుడిచేది.

గొంకయ్య ఒళ్ళు చేశాడు. డొక్కలు కనబడకుండా పోయాయి. మెడ భుజాల్లోకి కూరుకుపోయింది. ఒంటి తోలు నల్లగా, నున్నగా, ఎప్పుడూ తడిసినట్టు మెరుస్తూ ఉండేది. నడుస్తుంటే కాళ్ళు ఎత్తుతున్నట్టు ఉండేది కాదు. జారుతున్నట్టు ఉండేది. ఊరివాళ్ళు మాత్రం పాలిపోయారు.

వాడికి ఇవన్నీ ఎలా తెలుస్తున్నాయి? కర్ణపిశాచి ఉందని మనసులో అనుకున్నారు కొందరు. గోడలు చెబుతున్నాయనుకున్నారు కొందరు. దాంతో ఊరు మాట్లాడటమే మానేసింది. పొద్దున్నే తిట్టుకునే తోడికోడళ్ళు తిట్టుకోలేదు. తుంగ చీలుస్తూ పాడే ఆడవాళ్ళు పాడలేదు. తల్లులు పిల్లల్ని జోకొట్టేవారు కానీ జోలపాట నోట్లోనే ఉండిపోయేది. మంచులో ఆ ఊరు బతికున్నవాళ్ళ ఊరులా లేదు. మగ్గాలు కదిలే చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఒకరోజు గొంకయ్య వచ్చినప్పుడు కామసాని పెరట్లో ఉంది. అరుగు మీద ఎల్లసాని కూర్చుని ఉంది. వాడు చాప అందుకోబోతుంటే ముసలామె చేయి వాడి చేతికి తగిలింది. ఆమె చటుక్కున చేయి వెనక్కి లాక్కుని చీరకి తుడుచుకుంది.

"కోడలా! ఎవరే ఆ వచ్చింది?"

"గొంకయ్యగారు, అత్తా."

"మనిషి చెయ్యి కాదే అది. జలగ. చల్లగా, జిగటగా, అతుక్కున్నట్టుంది. నా కళ్ళకి కనబడదు గానీ నా వేళ్ళకి తెలుస్తుంది."

గొంకయ్య నవ్వాడు. నవ్వుతూనే కామసానిని పక్కకి పిలిచాడు.

"చూడమ్మా! నీ చాపలు ఇక నాకొద్దు. ఇన్నాళ్ళు ఇచ్చావు, చాలు."

ఆమె నమ్మలేకపోయింది.

"ఊరు మూగబోయింది. నాకు కొత్త గుట్లు దొరకడం లేదు. నీ దగ్గర ఆడవాళ్ళు కూర్చుంటారు, మనసు విప్పుకుంటారు. నువ్వు మంచిదానివి కదా! ఇకనుంచి నువ్వే నాకు చెవివి. మూడు రోజుల్లో ఒక గుట్టు తెచ్చిపెట్టు. ఎవరిదైనా సరే. తెచ్చావా, మాచన కథ నాతోనే మట్టిలో కలుస్తుంది. తేలేదా, నాలుగో రోజు పొద్దున్నే ఆ రాయి దగ్గర నిలబడి మీ అత్తకి నేనే చెబుతాను."

మొదటిరోజు కామసాని అన్నం తినలేదు.

ఆమెకు ఇరుగింటి గుట్టు ఒకటి తెలుసు. అదేమిటో మనకెందుకు? ఒక చిన్నది ఆమెను నమ్మి, ఆమె ఒళ్ళో తలపెట్టి ఏడుస్తూ చెప్పుకున్నది. రెండోరోజు కామసాని తడిక సందులోంచి ఆ పిల్ల వాకిలి ఊడ్చుకోవడం చూసింది. ఒక్క మాట. ఒక్క మాట చెబితే తన ఇల్లు నిలబడుతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చినందుకే ఆమెకు ఒళ్ళు గగుర్పొడిచింది. తన చేతులు చూసుకుంది. అవి కూడా చెమ్మగా, చల్లగా ఉన్నాయి.

ఆమె కొడవలి తీసుకుని దోనె ఎక్కి, మంచులోకి వెళ్ళిపోయింది.

మోకాలి లోతు నీళ్ళలో దిగి తుంగ కోస్తూ ఉంటే, పిక్క మీద ఏదో కదిలినట్టయింది. చూస్తే జలగ. బొటనవేలంత లావుంది. కామసాని కొడవలి ఎత్తింది.

"ఆగమ్మాయీ! ఇంకో రెండు గుటకలు చాలు నాకు. ఆ మాత్రానికి కొడవలెందుకు?"

మంచులో ఎవరూ లేరు. మాట పిక్క దగ్గరినుంచే వచ్చింది. ఇంకో రోజైతే కామసాని కెవ్వున అరిచేది. ఆ రోజు ఆమెకు అరిచే ఓపిక కూడా లేదు.

"నువ్వు పట్టినప్పుడు నాకు నొప్పెందుకు తెలియలేదు?" అని అడిగింది.

"తెలిస్తే అప్పుడే పీకేస్తావుగా. అందుకే మెత్తగా పడతాం. కొంచెమే కదా అనిపిస్తాం."

"ఎక్కడ పడతారు?"

"కప్పి ఉన్నచోట. చీర కుచ్చిళ్ళ కింద, వేళ్ళ సందుల్లో. మనిషి చూసుకోని చోటే మాకు హాయి. బయటపెట్టి ఎండ తగలనిచ్చారా, మాకు ఊపిరాడదు."

"ఎప్పుడు వదులుతారు?"

"కడుపు నిండితే రాలిపోతాం. అంతకంటే ఎందుకు?"

కామసాని కొడవలి దోనెలో పెట్టింది. తరవాత అంది: "మా అత్త ఒక మనిషికి నీ పేరు పెట్టింది."

జలగ తాగడం ఆపింది. "ఆ మనిషికి కడుపు నిండుతుందా?"

"నిండదు."

"అయితే మీ అత్త మాకు అన్యాయం చేసింది," అని అది టప్పున నీళ్ళలోకి జారి పోయింది.

కామసాని దోనె ఎక్కి గడ వేసింది. కళ్ళనిండా నీళ్ళు, ఎదురుగా మంచు. ఎటు పోతోందో చూసుకోలేదు. కాసేపటికి దోనె దేనికో తగిలి ఆగింది. పక్షి లేదు, కప్ప లేదు. అది మూగదిబ్బ.

తిరిగిపోదామనుకునేలోగా చెవి పక్కన ఎవరో దగ్గారు.

చుట్టూ చూసింది. ఎవరూ లేరు. ఇంకో చెవి పక్కన ఎవరో కోడిని అదిలించారు. తరవాత ఎక్కడో సారె తిరిగింది. తరవాత, భుజం మీద గడ్డం ఆనించి చెప్పినంత దగ్గరగా, ఒక ముసలి గొంతు గొణిగింది: "పొద్దెక్కింది. కోడలింకా రాలేదు."

అది ఎల్లసాని గొంతు.

కామసాని దోనె దిగి దిబ్బ ఎక్కింది. పైన ఒక చాప పరిచి ఉంది. కొమ్మయ్య నేసిన చాప. దాని నడుమ మనిషి కూర్చుని కూర్చుని పడిన గుంట ఉంది. చాప పక్కన ఇంకా ఆరని తడి అడుగులున్నాయి, తన గుమ్మంలో పడేలాంటివే.

అప్పుడు ఆమెకు అర్థమైంది. దయ్యాలూ లేవు, కర్ణపిశాచీ లేదు. మంచు కమ్మినప్పుడు నీళ్ళ మీదుగా ఊరందరి మాటలూ ఈ దిబ్బకు చేరుతున్నాయి. ఎవరూ రాని చోటని తెలుసుకుని వాడు ఇక్కడ కూర్చుని విన్నాడు. ఊరు మూగబోయాక రావడం మానుకున్నాడు. అంతే వాడి మహిమ.

ఆమె అక్కడే నిలబడి ఇంకొకటి ఆలోచించింది. అన్ని ఇళ్ళ మాటలూ ఇక్కడికి వస్తున్నాయంటే, ఇక్కడ అన్న మాట అన్ని ఇళ్ళకూ పోతుంది.

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. కామసాని అత్త ముందు కూర్చుని, ఆమె రెండు చేతులూ పట్టుకుని, అంతా చెప్పింది. మాచన పారిపోయి రావడం, జ్వరం, తొమ్మిది రోజులు, గొయ్యి. ఏదీ దాచలేదు, ఏదీ అందంగా చెప్పలేదు.

ఎల్లసాని చేతులు వెనక్కి తీసుకుంది. వాకిట్లో ఎండ ఒక గోడ నుంచి ఇంకో గోడకు మారింది.

"చివర్లో వాడి నోట్లో నీళ్ళు పోసిందెవరే?"

"నేనే, అత్తా."

"నన్నడిగాడా?"

"రోజూ అడిగాడు. నిన్ను తీసుకురమ్మన్నాడు. ఒకరోజు నువ్వా రాతికి పసుపు రాస్తుంటే తుంగ చాటునుంచి చూసి, ఇక వద్దులే అన్నాడు."

ముసలామె గోడవైపు తిరిగి పడుకుంది. కామసాని పిలిచినా పలకలేదు.

మూడోరోజు పొద్దున మంచు ఎన్నడూ లేనంత దట్టంగా దిగింది. చేయి చాపితే వేళ్ళు కనబడలేదు. కామసాని దోనె వేసుకుని మూగదిబ్బకు వెళ్ళింది. నిలబడింది. ఒకసారి నోరు తెరిచి మూసేసింది. రెండోసారి తెరిచింది, ఊపిరి మాత్రమే వచ్చింది. మూడోసారి మాట వచ్చింది.

"తుంగలవరం వాళ్ళారా! నేను చాపలు నేసే కామసానిని. నా మొగుడు మాచన యుద్ధంలో చచ్చిపోలేదు. పారిపోయి వచ్చాడు. నేను దాచాను. తుంగలో పూడ్చాను. నాది కాని మాన్యం ఇన్నాళ్ళూ తిన్నాను. గొంకయ్య దీన్ని పట్టుకుని నన్ను పీల్చాడు. ఇప్పుడు మీ గుట్లు తెమ్మంటున్నాడు. నేను తేను. వాడికి పిశాచీ లేదు, ఏమీ లేదు. ఈ దిబ్బ మీద కూర్చుని మన మాటలు విన్నాడు. ఇప్పుడు మీరు నా మాట వింటున్నారు చూడండి, అలాగే."

ఊరంతటా మగ్గాలు ఆగిపోయాయి. ప్రతి ఇంట్లో, ప్రతి మనిషికి, తన చెవి పక్కనే నిలబడి ఎవరో చెప్పినట్టు ఆ మాటలు వినిపించాయి.

మంచులోంచి గడ వేస్తున్న చప్పుడు వచ్చింది. దోనె ముక్కు కనబడింది. దాని మీద గొంకయ్య.

"నోరు ముయ్యి!" అన్నాడు. వాడు అరవడం కామసాని వినడం అదే మొదలు. "పిచ్చిదానా, ఏం చేశావో తెలుసా? నీ పొలం పోతుంది. నీ పరువు పోతుంది. నిన్ను గుమ్మం తొక్కనివ్వరు."

"పోనీ," అంది కామసాని. "పోయేవి పోయాక ఇంక నాతో నీకేం పని?"

గొంకయ్య మంచువైపు తిరిగాడు. "దీని మాటలు నమ్మకండి! నోరెత్తారా, ఒక్కొక్కడి సంగతీ చెబుతాను!"

ఆ మాట కూడా ఊరంతా విన్నది.

నీళ్ళు దోనెకు తగిలే చప్పుడు మాత్రమే. తరవాత మంచులోంచి, మొహం లేని ఒక గొంతు లేచింది.

"నేను కొమ్మయ్యని. కరువేడు గాదెలో గింజలు తీసింది నేనే. నా పిల్లల కోసం తీశాను. కొలిచి తిరిగి పోస్తాను."

గొంకయ్య ఆ వైపు తిరిగాడు. ఇంకో వైపునుంచి ఇంకో గొంతు వచ్చింది.

"నేను బసవమ్మని. పోయినేటి జాతర కుండ పగిలిపోయింది. సంతలో అమ్మే కుండకే మీరు మొక్కారు. తల్లి నన్నేం చేసినా సరే."

తరవాత ఇంకొకరు, ఇంకొకరు. ఒకడు పొలం గట్టు జరిపానన్నాడు. ఒకావిడ ఆడబిడ్డ కంటె తానే తీసి, పోయిందని చెప్పానంది. మగ గొంతులు, ఆడ గొంతులు, ముసలి గొంతులు, మంచు నాలుగు వైపులనుంచీ వచ్చి ఆ దిబ్బ మీద వాలి, అక్కడినుంచి ప్రతి ఇంటికీ తిరిగి పోయాయి. ఒక్కో గొంతుకీ గొంకయ్య ఉలిక్కిపడి అటు తిరిగాడు. ఒక్కో మాటకీ వాడి ఒంట్లోంచి ఏదో కారిపోతున్నట్టు తోలు వదులైంది. బుగ్గలు వేలాడాయి. భుజాల్లోంచి మెడ బయటికి వచ్చింది.

అన్నిటికంటే చివర ఒక ముసలి గొంతు వచ్చింది. గట్టిగా లేదు, కానీ వణకలేదు.

"నేను మాచన తల్లిని. నా కొడుకు భయపడ్డాడు. భయపడితే నా కొడుకు కాకుండా పోడు. ఒరే జలగా! మా ఇంటి మీంచి దిగు!"

కొమ్మయ్య అందుకున్నాడు. "జలగా, దిగు!"

"దిగు జలగా!" అంది బసవమ్మ.

తరవాత ఎవరు ఏమన్నారో తెలియలేదు. ఊరు ఊరంతా ఒక్క గొంతై "జలగా, దిగు!" అంది. ఎన్ని నెలల మౌనమో ఆ ఒక్క అరుపులో పోయింది. గొంకయ్య చెవులు మూసుకుని దోనెలో కూలబడ్డాడు. దోనె వెనక్కి వెనక్కి జరిగి మంచులో కలిసిపోయింది.

కామసాని ఇంటికి వచ్చేసరికి ఎల్లసాని అరుగు మీద కూర్చుని ఉంది. "అన్నం తిన్నావుటే?" అని అడిగింది. లేదంటే, చేత్తో తడుముకుంటూ లేచి, తానే వడ్డించింది.

కామసాని రాజుగారి అధికారికి కబురు పంపింది. అతను వచ్చి మాన్యం వెనక్కి తీసుకున్నాడు. నిజం తనంత తానుగా చెప్పుకున్నందుకు వేరే శిక్ష వేయలేదు. పొలం పోయింది, మగ్గం మిగిలింది. గుమ్మం తొక్కనివ్వరన్నాడు గొంకయ్య. నిజానికి ఆమె వాకిట్లో కూర్చోవడానికి ఆడవాళ్ళకి చోటు చాలేది కాదు. వీరగల్లును ఏం చేద్దామని ఊరి పెద్దలు అడిగితే, ఎల్లసాని కాసేపు ఆలోచించి, "రేవులో మెట్టుగా వేయండి. నీళ్ళకి వచ్చేవాళ్ళకి కాలు ఆనడానికి పనికొస్తాడు," అంది.

మరి గొంకయ్య? వారం తరవాత తుంగ కోసేవాళ్ళకు కనబడ్డాడు. నడుములోతు నీళ్ళలో కదలకుండా కూర్చుని ఉన్నాడు. తొలిసారి వచ్చినప్పటికంటే చిక్కిపోయాడు. జాలిపడి ఒడ్డుకు తెచ్చారు. బసవమ్మే వేడివేడి గంజి కలిపి ముంతలో ఇచ్చింది.

"తాగు. నీకే ఇస్తున్నాను," అంది.

వాడు నోట్లో పోసుకున్నాడు. మింగలేకపోయాడు. మళ్ళీ పోసుకున్నాడు, గొంతు దిగలేదు. ఎవరూ వణకకుండా, ఎవరూ బతిమాలకుండా, ఊరికే ఇచ్చిన తిండి మింగడం వాడి గొంతు మర్చిపోయింది. ముంత కింద పెట్టి లేచి, ఎవరి మొహమూ చూడకుండా పడమటి దారి పట్టాడు. మిట్టమధ్యాహ్నపు ఎండలో, దుమ్ము రేగే ఆ దారి మీద, తడి అడుగులు కనుచూపు మేరదాకా కనిపించాయి. అవి ఎక్కడ ఆరాయో ఎవరూ వెళ్ళి చూడలేదు.

చాపలు అమ్ముకోవడానికి పట్నం వెళ్ళినవాళ్ళు చాపలతోపాటు ఆ మాటనూ మోసుకెళ్ళారు. ఒకరోజు అంగట్లో ఒక బంటు కూరలమ్ముకునే అవ్వను బెదిరించి, బుట్టలోంచి వంకాయలు ఏరుకుంటున్నాడు. తుంగలవరం ఆవిడ అది చూసి, "జలగ!" అంది. అవ్వ దాని అర్థమేమిటని అడగలేదు. వినగానే తెలిసిపోయింది. మర్నాటికి అంగడంతా ఆ మాటే. అలా ఊరినుంచి ఊరికి పాకి, ఎదుటివాళ్ళ భయాన్ని పట్టుకుని కొంచెం కొంచెంగా పీల్చుకుతినేవాడికి జలగ అన్న పేరు నిలిచిపోయిందని చెబుతారు.

కాబట్టి పిల్లలూ, బెదిరించి లాక్కునేవాడి బలమంతా మనం కప్పిపుచ్చుకునే భయంలోనే ఉంటుంది. చేసిన తప్పును తామే నలుగురిలో ఒప్పుకున్నవాళ్ళని వాడు ఏమీ చేయలేడు.